వేడినీళ్ళ కోసం వెనక్కి వేసిన లెక్క

ఇప్పుడు చెప్పబోయేది ఒక చర్చి గోడ కూలిన వైనం. భూకంపం రాలేదు, బుల్‌డోజరూ రాలేదు. కూల్చింది నేను, ఒక లాప్‌టాప్‌తో. ఈ ఘనకార్యంలో ఒక ముసలమ్మ ఏళ్ళ తరబడి పెట్టుకున్న కోరిక గాల్లో కలిసిపోబోయింది, ఒక బిర్యానీ వంటాయన ఉల్లిగడ్డలు నీళ్ళలో తేలాయి, మా పాస్టరుగారు తడిసిన ప్యాంటు పైకి మడుచుకుని నా భవిష్యత్తు కోసం ప్రత్యేకంగా ప్రార్థించారు. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. ఆ శనివారం మాత్రం నాకు నవ్వు రాలేదు.

అప్పట్లో నేను పిహెచ్‌డి చేస్తున్నాను. పైపులో నీళ్ళు పారుతుంటాయి. లోపల ఎక్కడ వేడి చేరుతోందో, ఎక్కడ పోతోందో కంటికి కనపడదు. అందుకని పైపుకు బయటి నుంచి అక్కడక్కడా ఉష్ణోగ్రత కొలిచి, ఆ అంకెలు పట్టుకుని వెనక్కి వెనక్కి లెక్క వేసుకుంటూ పోయి, లోపలి సంగతి కనిపెట్టడం నా పరిశోధన. అర్థం కాలేదా? మా అమ్మకీ కాలేదు. పాల గిన్నె చూపించి చెప్పాను.

"అమ్మా, మంట ఎంత పెట్టినవో తెలిస్తే పాలు ఎప్పుడు పొంగుతయో చెప్పుడు మామూలు లెక్క. పొంగిన పాలు చూసి నువ్వు మంట ఎంత పెట్టినవో, పిన్నితోని ఫోన్‌ల ఎంతసేపు మాట్లాడినవో చెప్పుడు నా లెక్క."

"దానికి పిహెచ్‌డి ఎందుకే? మీ నాయన రోజూ చెప్తడు," అంది అమ్మ.

ఈ వెనక్కి లెక్కకు ఒక దుర్గుణం ఉంది. బయట కొలతలో ఆవగింజంత తప్పు దొర్లితే, లోపలి జవాబులో అది గుమ్మడికాయంత అవుతుంది. ఆ సంగతి మా గైడ్ సార్ నాకు చెప్పీ చెప్పీ అలసిపోయారు. నేను మాత్రం నా ప్రోగ్రామ్ మీద పూర్తి నమ్మకంతో ఉన్నాను, ఎందుకంటే దాన్ని నేను పరీక్షించాను. ఎలా పరీక్షించానంటారా? నా ప్రోగ్రామ్‌తోనే దొంగ రీడింగులు తయారు చేయించి, వాటిని మళ్ళీ దానికే ఇచ్చి, జవాబు చెప్పమన్నాను. చుక్క తేడా లేకుండా చెప్పింది. ప్రశ్నపత్రం నేనే రాసుకుని, పరీక్ష నేనే రాసి, నాకు నేనే ఫస్ట్ క్లాస్ ఇచ్చుకున్నానన్న మాట. ఆ ఫస్ట్ క్లాస్ గర్వంతోనే ఒక ఆదివారం చర్చికి వెళ్ళాను.

మేముండేది మల్కాజ్‌గిరి. చర్చికి మాత్రం మెట్టుగూడ వస్తాం, మా తాత రైల్వేలో ఉన్ననాటి అలవాటు అది. సందులో చిన్న చర్చి. దానికీ, పెళ్ళి వంటలు చేసే ఖాజా భాయ్ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఇటు మా పాటలు, అటు వాళ్ళ బిర్యానీ. ఉపవాస ప్రార్థన రోజుల్లో ఆ గోడ మా విశ్వాసాన్ని గట్టిగానే పరీక్షిస్తుంది.

మా సంఘంలో బాప్తిస్మం అంటే మనిషిని నిలువునా నీళ్ళలో ముంచి లేపాల్సిందే. వేదిక ముందు నేల మీది చెక్కలు తీస్తే కింద సిమెంటు తొట్టి ఉంటుంది. ఆ బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే ప్రభువు బల్లలో, అంటే ప్రభువు పేర రొట్టె పంచుకోవడంలో, పాలు. నెలకోసారి రొట్టె పళ్ళెం వరసలో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళుతుంది.

ఎస్తేరమ్మ అవ్వ దగ్గరికి వచ్చేసరికి ఆ పళ్ళెం ఆమె ముందు నుంచి పక్కావిడకు వెళ్ళిపోయేది. చర్చిలో అందరికంటే పాత మనిషి అవ్వ, బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. మొదట్లో నీళ్ళంటే భయం. భయం పోయేసరికి ఆమె భర్తకు జబ్బు. ఆయన పోయాక ఆమెకే ఆయాసం. చన్నీళ్ళు ఒంటిమీద పడితే చాలు, ఛాతీలో పిల్లికూతలు. పళ్ళెం దాటిపోతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని, చాలా ముఖ్యమైన వస్తువేదో అక్కడ ఉన్నట్టు ఫ్యాను వైపు చూసేది. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, చిన్నప్పటి నుంచీ బాధే.

ఆ డిసెంబరులో క్రిస్మస్ కాగానే అవ్వను కూతురు కరీంనగర్ తీసుకుపోతోంది, ఇక అక్కడే ఉంటుంది. పోయేలోపు మన చర్చిలో, మన జయరాజ్ పాస్టరయ్య చేతనే బాప్తిస్మం కావాలని అవ్వ పట్టు. పాస్టరుగారు మెత్తగా సర్దిచెప్పబోయారు.

"అవ్వా, నీ ఆరోగ్యం చూసి జెర నీళ్ళు చల్లితే సరిపోతది. దేవుడు అర్థం చేసుకుంటడు."

"చల్లుడేందయ్యా? నేనేమన్న కొత్తిమీర కట్టనా?" అంది అవ్వ.

మరి వేడినీళ్ళు పెట్టవచ్చు కదా అంటారు మీరు. చర్చి మిద్దె మీద సోలార్ హీటర్ ఉంది, ఎవరో పుణ్యాత్ములు ఇచ్చారు. దాని పైపు గోడలో నుంచి కిందికి దిగి తొట్టి నల్లాకు వస్తుంది. విచిత్రమేమంటే, పైన ట్యాంకులో చెయ్యి పెడితే కాలుతుంది, కింద నల్లా తిప్పితే పళ్ళు కొట్టుకుంటాయి.

"నడుమల ఆ వేడంత ఏడ పోతున్నదో సమజైతలేదు," అన్నారు పాస్టరుగారు. "ప్లంబరేమో గోడంత తవ్వాలె అంటున్నడు."

వేడి ఎక్కడ పోతోంది! పైపు! కంటికి కనపడదు! ఈ మూడు మాటలు విన్నాక నేను ఊరుకుంటానా? ప్రకటనల సమయంలో లేచి నిలబడ్డాను.

"గోడ తవ్వే పనే లేదు. బయటి నుంచే లెక్క కట్టి, లోపల ఏం జరుగుతుందో నేను చెప్తా. అవ్వా, నువ్వు పరేషాన్ కాకు. నీకు వేడినీళ్ళు తెచ్చే బాధ్యత నాది."

చప్పట్లు మోగాయి. అవ్వ నా చెయ్యి పట్టుకుని "దేవుడు నిన్ను చల్లగ చూడాలె బిడ్డా" అంది. నేను గాల్లో తేలుతూ ఇంటికి వెళ్ళాను.

మర్నాడు పరికరాలతో దిగాను. మిద్దె మీది నుంచి వచ్చే పైపు పాస్టరుగారి గదిలో కాస్త దూరం గోడ బయట కనిపించి, మళ్ళీ గోడలోకి దూరిపోతుంది. ఆ కనిపించే మేరా, కింద నల్లా దగ్గరా వేడి కొలిచే థర్మోకపుల్ తీగలు పెట్టి, తెల్ల టేపుతో కట్టు కట్టాను. రీడింగులు ఎక్కించుకునే డబ్బాను పక్కన స్టూలు మీద పెట్టాను. నీళ్ళు పారుతుండాలి కాబట్టి రోజూ పొద్దున నల్లా సన్నగా తిప్పమని పాస్టరుగారికి చెప్పాను. పైపులోకి దిగే నీళ్ళు సోలార్ ట్యాంకు నీళ్ళంత వేడిగా ఉంటాయి కదా, అందుకని ఆ ట్యాంకు వేడి కొలిచి ప్రోగ్రామ్‌లో రాసుకుని కాలేజీకి వెళ్ళిపోయాను.

ఈ చివరి వాక్యాన్ని ఎవరైనా అనుమానంగా చదివి ఉంటే వాళ్ళకు నా నమస్కారం. నాకు అనుమానం రాలేదు.

వారం తర్వాత రీడింగులు తెచ్చి ప్రోగ్రామ్‌లో పోసి, వెనక్కి లెక్క వేయించాను. తెర మీద వచ్చిన గీత చూసి కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాను. పైపు దారంతా వేడి పోగొట్టుకుంటోంది, సరే. కానీ పాస్టరుగారి గదిలో ఒక్కచోట, రోజూ తెల్లవారగానే, ఎక్కడి నుంచో వేడి తెచ్చుకుంటోంది! ప్రతి పొద్దునా అదే వేళకు గీత మీద ఒక గుట్ట లేస్తోంది. కాసేపు ఉండి మళ్ళీ చదునైపోతోంది. అక్కడ హీటర్ లేదు, పొయ్యి లేదు. ఉన్నది గోడ ఒక్కటే. గోడ అవతల ఎవరున్నారు? ఖాజా భాయ్!

గైడ్ సార్‌కు ఫోన్ చేశాను.

"ఆ గుట్టను నమ్మకు ప్రసన్నా," అన్నారు సార్. "ఇటువంటి లెక్కలో చిన్న గడబిడ కూడా పెద్దగా కనిపిస్తుంది. కొంచెం నునుపు చేసి చూడు."

"నునుపు చేస్తే గుట్ట పోతుంది సార్!"

"పోతే పోనీ అనే కదమ్మా నేను చెప్పేది?"

నా జీవితంలో మొట్టమొదటి ఆవిష్కరణను ఇస్త్రీ చేసి పారేయమంటున్న మనిషితో ఇంకేం మాట్లాడను? ఫోన్ పెట్టేసి, సాక్ష్యం కోసం నేరుగా ఖాజా భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన వాకిట్లో కూర్చుని ఛాయ్ తాగుతున్నారు.

"భాయ్, పొద్దున పొయ్యి ఎన్నింటికి వెలిగిస్తరు?"

"ఫజర్ నమాజ్ చదివినంక షురూ చేస్తం బేటీ. ఎందుకు, పొగ వస్తున్నదా? తక్లీఫ్ అయితే చెప్పు."

"లేదు లేదు భాయ్! రోజూ అదే టైమా?"

"రోజూ అదే టైం."

నా గుట్ట లేచే వేళా అదే! ఆ ఆనందంలో ఆయన పోసిచ్చిన ఛాయ్ కూడా తాగకుండా పరుగెత్తాను. మీ పొయ్యి ఇంట్లో ఏ వైపు ఉంటుంది భాయ్, అని ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ రచన ఇక్కడితో ముగిసేది.

పాస్టరుగారికి నా పథకం ఇలా వివరించాను: ఈ గోడ వెనకే ఖాజా భాయ్ పెద్ద పొయ్యి ఉంది. దాని వేడి గోడలో నుంచి మన పైపుకు అందుతోంది. ఆ చోట గోడను కొంచెం గీకి, పైపును నాలుగు చుట్లు తిప్పి పెడితే, కరెంటు లేదు, గ్యాస్ లేదు, ఎస్తేరమ్మ అవ్వకు జీవితాంతం వేడినీళ్ళు.

"అవ్వకు ఒక్కసారి చాలమ్మా," అన్నారు పాస్టరుగారు. తర్వాత గోడ వైపు చూస్తూ, "అయినా, గోడ పగలగొట్టుడు అవసరం లేదంటివి గదా?" అన్నారు.

"ఇది పగలగొట్టుడు కాదు సార్, గీకుడు."

శనివారం మధ్యాహ్నం మేస్త్రీ యాదగిరి వచ్చాడు. తెల్లవారితే బాప్తిస్మం. చూడటానికి పాస్టరమ్మ, స్త్రీల సమాజం, కుర్చీ వేయించుకుని ఎస్తేరమ్మ అవ్వ అందరూ వచ్చారు. నేను తెల్ల టేపు కట్టు పక్కన సుద్దతో గుండ్రం గీశాను.

"మేడమ్, గోడ మస్తు పాతది," అన్నాడు యాదగిరి. "మెల్లగ కొట్టినా ఏమైతదో చెప్పలేను."

"నా లెక్క ఉంది. మీరు కొట్టండి."

మొదటి దెబ్బకు సున్నం రాలింది. రెండో దెబ్బకు ఇటుక కదిలింది. మూడో దెబ్బకు ఆ పాత గోడ ఓపిక అయిపోయి, కిటికీ అంత మేర అవతలి వైపు దభీమని కూలింది. దాంతోపాటు పైపూ విరిగింది. నీళ్ళు గదిలోకి చిమ్మాయి. స్త్రీల సమాజం మొత్తం ఒక్కసారిగా స్తోత్రం స్తోత్రం అని అరిచింది. ఆ కన్నంలో నుంచి పొయ్యి సెగ తగులుతుందని నేను మొహం ముందుకు పెట్టి ఎదురుచూస్తున్నాను.

ఉల్లిగడ్డలు వచ్చాయి. ఒకటి, దాని వెనక ఇంకొకటి, తర్వాత బస్తా చిరిగినట్టు గుంపుగా దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ చుట్టూ తేలడం మొదలుపెట్టాయి. వాటి వెనక ఖాజా భాయ్ మొహం కనిపించింది.

"ఏందిది బేటీ? ఏమైంది?"

"భాయ్... మీ పొయ్యి ఏది?"

"పొయ్యి వెనక దొడ్లె ఉంటది! ఇది స్టోర్ రూమ్! రేపటి పెళ్ళి వలీమా దావత్‌కు తెచ్చిన ప్యాజ్ ఇది!"

"ముందుగాల నీళ్ళు బంద్ చెయ్యుర్రి!" అని పాస్టరమ్మ కేకేసింది. నేను మిద్దె మీదికి పరుగెత్తి సోలార్ ట్యాంకు వాల్వు కట్టేశాను. "ఆగినయా?" అని అరిస్తే "ఇంక ఎక్కువైనయ్!" అని కింది నుంచి జవాబు. వెనకే వచ్చిన పాస్టరుగారు, ఎందుకైనా మంచిదని, పక్కనున్న చన్నీళ్ళ ట్యాంకు వాల్వు కట్టేశారు. నీళ్ళు ఠక్కున ఆగిపోయాయని కింది నుంచి కేక వచ్చింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తొట్టికి వెళ్ళే పైపును ప్లంబర్ ఏనాడూ సోలార్‌కు కలపనే లేదు. చన్నీళ్ళ ట్యాంకుకు కలిపి చక్కగా వెళ్ళిపోయాడు. వేడి దారిలో పోవడమేమిటి, అసలు బయలుదేరితే కదా! నేను వారం రోజులు కష్టపడి లెక్క కట్టింది, పైపులో ఎన్నడూ అడుగు పెట్టని వేడి ఎక్కడ జారిపోయిందో అని. పోనీ అప్పుడైనా ఆ సోలార్ నీళ్ళను బకెట్లతో దించుదామంటే, గురువారం నుంచీ మబ్బు పట్టి అవీ చల్లబడిపోయాయి.

కిందికి దిగాను. ఒక్క సందేహం మాత్రం నన్ను వదలలేదు.

"వేడినీళ్ళు రాలేదు, పొయ్యీ లేదు. మరి రోజూ పొద్దున ఈ పైపుకు వేడి ఎక్కడి నుంచి వచ్చింది?" అని పైకే అనేశాను.

"ఏ పైపు, ఈ తెల్ల పట్టీ కట్టిన పైపా?" అంది పాస్టరమ్మ. "దానికేనా? మేము రోజూ ప్రార్థన చేస్తున్నం గదమ్మా."

"ప్రార్థనా?"

"పొద్దుగాల ప్రార్థన అయినంక అందరం ఈడికి వస్తున్నం. నీ మిషన్ మంచిగ పని చెయ్యాలెనని దాని మీద చేతులుంచి ఒక్కొక్కలం ప్రార్థన చేస్తున్నం. కొత్త బండి కొంటే చెయ్యమా, కొత్త ఇల్లు కడితే చెయ్యమా? గట్లనే."

"చేతులు... ఎక్కడ ఉంచుతున్నరు?"

"గా పట్టీ మీదనే. అదే గదా మిషన్?"

నేను తడిసిన కుర్చీలోనే కూలబడ్డాను. డిసెంబరు చలిలో, చన్నీళ్ళు పారే పైపు మీద, వెచ్చని అరచేతులు. నా ప్రోగ్రామ్ పాపం ఏ తప్పూ చేయలేదు. వేడి వస్తోంది అంది, వస్తూనే ఉంది.

"అందరికంటే ఎక్కువసేపు ఎవరు చేసేవాళ్ళు?" అని అడిగాను, గుట్ట కొనను తలచుకుని.

అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ కొంచెం సిగ్గుపడింది. "నీ పేరు సుత చెప్పి చేస్తున్న బిడ్డా. అందుకే లేటైతది," అంది.

గోడలో రహస్య అగ్నిగుండం అని నేను ఊరంతా చాటిన వస్తువు ఎస్తేరమ్మ అవ్వ కుడిచెయ్యి. ఆ క్షణంలో నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "అవ్వా, నీకు మాటిచ్చి మొత్తం ఖరాబ్ చేసిన," అన్నాను.

"పోనీ తియ్యి," అంది అవ్వ నా తల నిమురుతూ. "పళ్ళెం నా ముందట్నుంచి పోవుడు నాకు అలవాటే."

తిట్టినా బాగుండేది. అందరం నీళ్ళలో నిలబడి తలలు దించుకున్నాం. గోడ అవతల ఉల్లిగడ్డలు ఏరుకుంటున్న ఖాజా భాయ్ కన్నంలో తల పెట్టారు.

"పాస్టర్ సాబ్, ఏం గావాలె అమ్మకు?"

"వేడినీళ్ళు భాయ్. రేపు పొద్దున తొట్టి నిండాలె."

"గంతేనా?" అన్నారు ఖాజా భాయ్. "వేడినీళ్ళ కోసం గోడ పగలగొడతరా? రేపు ఫజర్ కాంగనే పెద్ద దేగిషా గిన్నెలల్ల కాస్త. మా పొయ్యి మీద తొట్టి నీళ్ళు ఎంత, జెర సేపట్ల అయిపోతయ్. కానీ ఈ ప్యాజ్ తడిసింది, నిలవ ఉండది. ఇయ్యాలనే కోసి, బిర్యానీ మీదికి బరిస్తా వేయించాలె. మనుషులు లేరు."

పాస్టరమ్మ కొంగు బిగించింది. ఆ సాయంత్రం స్త్రీల సమాజం, యాదగిరి, నేను అందరం ఖాజా భాయ్ దొడ్లో వరసగా కూర్చుని ఉల్లిగడ్డలు కోశాం. ఆదివారం ప్రసంగం తయారు చేసుకుని అప్పుడే వచ్చిన పాస్టరుగారు, తన సంఘమంతా కళ్ళ నీళ్ళు కారుస్తూ ముక్కులు చీదడం చూసి, ఉల్లిగడ్డల మాటే మరిచిపోయి, ఎవరు పోయారమ్మా అని హడలిపోయారు.

తెల్లవారింది. ఖాజా భాయ్ మాట తప్పలేదు. చుట్టూ తిరిగి రావడం ఎందుకని, పొగలు కక్కే గిన్నెలను ఆ కన్నంలో నుంచే ఇటు అందించారు. మావాళ్ళు అందుకుని తొట్టిలో పోశారు. పాస్టరుగారు తొట్టిలోకి ఒక కాలు పెట్టి, గభాలున తీసేసి, "ప్రసన్నా, జెర చన్నీళ్ళు," అన్నారు. బకెట్లతో చన్నీళ్ళు కలిపాం. ఆ నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో తెలుసుకోవడానికి నేను ఏ లెక్కా వేయలేదు. మోచెయ్యి ముంచి చూశాను.

ఎస్తేరమ్మ అవ్వ తెల్లచీరలో మెట్లు దిగింది. కన్నంలో నుంచి ఖాజా భాయ్, ఆయన భార్య తొంగి చూస్తున్నారు. పాస్టరుగారు ముంచారు. అవ్వ లేచింది. కళ్ళు తుడుచుకుంది, ఊపిరి లోపలికి తీసుకుంది. పిల్లికూత లేదు. అందరం ఆమె చెప్పబోయే విశ్వాస సాక్ష్యం కోసం చూస్తుంటే, అవ్వ పాస్టరుగారి చెయ్యి పట్టుకుంది.

"అయ్యా, నీళ్ళు మస్తు వెచ్చగున్నయ్. ఇంకొక్కసారి ముంచు."

చర్చి చర్చంతా నవ్వింది. ఆ పొద్దున రొట్టె పళ్ళెం అవ్వ వరసకు వచ్చినప్పుడు ఆమె ఫ్యాను వైపు చూడలేదు. రొట్టె ముక్క తీసుకుని చాలాసేపు అరచేతిలో పెట్టుకుంది. తర్వాత పక్కనున్న నా చెవిలో, "బిడ్డా, నెత్తికి షాజీరా వాసన వస్తున్నది," అంది. నేను వాసన చూశాను. నిజమే. ఎంత కడిగినా బిర్యానీ గిన్నె బిర్యానీ గిన్నే. బాప్తిస్మం తీసుకుని అంత రుచికరంగా కరీంనగర్ వెళ్ళిన మనిషి ఇంకొకరు ఉండరు.

తర్వాత నా పిహెచ్‌డి పూర్తయింది. ఇప్పుడు ఇదే పాఠం పిల్లలకు చెబుతున్నాను. ఏటా ఎవరో ఒకరు గీత మీద గుట్ట చూపించి, మేడమ్, ఇది కొత్త ఆవిష్కరణ, అంటారు. ఆ కళ్ళలో మెరుపు నేను గుర్తుపడతాను, ముందు అక్కడ ఎవరు చెయ్యి పెట్టారో కనుక్కుని రమ్మంటాను.

ఇక మిగిలింది ప్రమాణం. పాఠక మహాశయులారా, తడిసిన ఉల్లిగడ్డల మీద ఒట్టేసి, నిండు మనసుతో, తల వంచి చెబుతున్నాను: ఈ జన్మలో మళ్ళీ నాకు వేడినీళ్ళు కావలసివస్తే పక్కింటివాళ్ళ తలుపు కొడతాను. గోడ కొట్టను.